మామిడిపళ్ల గదిలో ఆఫ్రికా

ఆ రోజుల్లో నేను చాలా తెలివైనదాన్ని. డిగ్రీ చేతికొచ్చి ఏడాది కూడా కాలేదు. హైదరాబాదులో ఒక చిన్న డబ్బింగ్ స్టూడియోలో అనువాదకురాలిగా చేరి ఇంకా కుర్చీ కూడా అలవాటు కాలేదు. అయినా ఎవరు తెలుగు మాట్లాడుతున్నా లోలోపల ఎర్రసిరాతో దిద్దేస్తుండేదాన్ని. (ఇప్పుడు నన్నెవరైనా అలా దిద్దితే ఒళ్లు మండుతుంది. అప్పట్లో నాతో వేగినవాళ్లకి చేతులెత్తి దణ్ణం పెట్టాలి.) అడవి జంతువుల సంగతా, అదీ నాకు తెలుసనే అనుకునేదాన్ని. సింహం, పులి, ఏనుగు, జిరాఫీ. మిగిలినవన్నీ వాటి చుట్టాలు. ఇంతటి జ్ఞానాన్ని నెత్తిన మోసుకుంటూ, రోగభయంతో దేశమంతా తలుపులు వేసుకుని కూర్చున్న ఆ వేసవిలో, నూజివీడు శివార్లలో మా మేనత్త మామిడితోటలో ఇరుక్కుపోయాను. శనాదివారాలు ఉండి వెళదామని రెండు జతల బట్టలతో, లాప్‌టాప్, మైకు ఉన్న స్టూడియో సంచితో వచ్చాను. సోమవారానికి బస్సులే లేకుండా పోయాయి.

మా అత్తయ్య గురించి చెప్పాలి. హైస్కూల్లో సోషల్ టీచరుగా చేసి అంతకుముందు ఏడాదే రిటైరయింది. రెడ్డిగూడెం నుంచి చాట్రాయి దాకా ఆవిడ దగ్గర చదవని ఇల్లు లేదు, ఆవిడ చేత చెవి మెలిపెట్టించుకోని తండ్రి లేడు. ఊళ్లో అందరూ 'మ్యాపు టీచరమ్మ' అనేవారు. బోర్డు వైపు చూడకుండా, పిల్లల్ని ఒక కంట కనిపెడుతూనే, సుద్దముక్క ఎత్తకుండా ఒక్క గీతతో ఆఫ్రికా ఖండం గీసేసేదట. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు, అడిగే ధైర్యం ఉన్నవాళ్లు మా వంశంలో పుట్టలేదు. ఇక గొంతంటారా, అది మైకు అక్కర్లేని గొంతు. రిటైరయ్యాక ఆ గొంతుకి పని లేకుండా పోయింది. కూరలబ్బాయితో, పాలావిడతో నాలుగు మాటలు, ఆపైన రోజంతా మౌనం. నేను వెళ్లిన మొదటి రోజుల్లో ఒక మధ్యాహ్నం వరండాలో కూర్చుని ఖాళీ తోటకేసి చూస్తూ "అర్థమైందా?" అనుకుంది తనలో తను. నాకు నవ్వొచ్చింది. నవ్వే అమ్మాయినే తప్ప ఆలోచించే అమ్మాయిని కాదు అప్పుడు.

మా స్టూడియో యజమానిని మేమంతా 'వన్‌మోర్ సారు' అనుకునేవాళ్లం. ఎంత బాగా చదివినా "బ్రహ్మాండం అమ్మా, వన్ మోర్" అనేవారు. ఆయన ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేశారు. పిల్లల పాఠాలు తయారుచేసే కంపెనీ ఒకటి, ఆఫ్రికా వన్యప్రాణుల మీద విదేశీయులు తీసిన సిరీస్ ఒకటి తెలుగులో చేయమని ఇచ్చిందట. ఎడారి, అడవి, కొండలు, గడ్డిమైదానం, సముద్రతీరం, ఇలా ఒక్కో చోటుకి ఒక్కో భాగం. నా అనువాదం సిద్ధం. చదవాల్సినాయన సిద్ధంగా లేరు. ఆయన్ని మేం 'సింహం గారు' అనేవాళ్లం. కాఫీ అడిగినా గర్జించినట్టే ఉండేది. అలాంటాయనకి జ్వరం తగిలి గొంతు పూర్తిగా పడిపోయింది.

"ఇది చేతికి ఇవ్వలేకపోతే స్టూడియోకి తాళం వేసుకోవడమే తల్లీ. నువ్వే చదివి పంపు, చూద్దాం" అన్నారు వన్‌మోర్ సారు.

నేను అద్దం ముందు నిలబడి సాధన చేసి, మహా గంభీరంగా చదివి పంపాను. సారు విని ఫోన్ చేశారు. ఆయన మొహమాటస్తుడు.

"అమ్మా, ఏమీ అనుకోకు. నువ్వు చదువుతుంటే ఆ సింహం జింకని వేటాడడానికి వచ్చినట్టు లేదు, పెళ్లిచూపులకి వచ్చినట్టుంది."

నేను ఏడుపు మింగుకుని ఏదో సమాధానం చెప్పబోతున్నాను. అంతలో పెరట్లోంచి ఒక కేక వినిపించింది.

"ఒసేయ్! ఆ కాయ కింద పెట్టు! దిగుతావా, నన్ను పైకి రమ్మంటావా?"

ఆ కేక ఫోన్లో అవతలికీ వినపడింది. తర్వాత సారు మెల్లగా అడిగారు. "ఎవరమ్మా అది?"

"మా అత్తయ్య సార్. చెట్టు మీద కోతులొచ్చాయి."

"దిగాయా?"

కిటికీలోంచి చూశాను. "దిగాయి సార్. కాయ కూడా అక్కడే వదిలేశాయి."

"ఆవిడ చేత చదివించు."

అత్తయ్య ముందు ససేమిరా అంది. "నేనేంటే, సినిమావాళ్లలాగా!" అంది. సినిమా కాదు, పిల్లలకి పాఠం అన్నాను. "ఏ క్లాసు పిల్లలకి?" అని అడిగింది. అంతే, ఇక నేను బతిమాలాల్సిన పని లేకపోయింది. ఆ సాయంత్రమే ఇస్త్రీ చీర కట్టుకుని, కళ్లజోడు తుడుచుకుని వచ్చి కూర్చుంది. రికార్డింగుకి చీర కనపడదని చెబితే "పాఠం చెప్పేటప్పుడు నాకు కనపడుతుందిగా" అంది.

చప్పుడు లేని చోటు ఎక్కడుందని ఇల్లంతా వెతికాం. ముందు గదిలో ఫ్యాను, వంటింట్లో ఫ్రిజ్, మేడమీద కాకులు. చివరికి దొరికింది మామిడిపళ్లు మగ్గేసే గది. మందంపాటి గోడలు, చిన్న కిటికీ, నేల మీద మోకాలెత్తున వరిగడ్డి. ఆ గడ్డి కింద రసాలు, బంగినపల్లి కాయలు వరసలు వరసలుగా పడుకుని పండుతున్నాయి. గడ్డి ప్రతిధ్వనిని మింగేస్తుందని నాకు హఠాత్తుగా స్ఫురించింది. (ఈ కనిపెట్టడాన్ని చాలాకాలం ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నాను. ఎవరూ మెచ్చుకోలేదు.) ఒక స్టూలు మీద లాప్‌టాప్ పెట్టి, అత్తయ్య కొంగుకి చిన్న మైకు గుచ్చి, తలుపు మూశాను. వేడి, చీకటి, తల తిరిగిపోయేంత పళ్ల వాసన, మొహం చుట్టూ ముసిరే చిన్న చిన్న ఈగలు. ఆఫ్రికా ప్రయాణం అక్కడ మొదలైంది.

"ఆఫ్రికా ఖండం కామా" అని మొదలుపెట్టింది అత్తయ్య, "ఎన్నో రకాల నేలలకు కామా ఎన్నెన్నో ప్రాణులకు నిలయం ఫుల్‌స్టాప్."

"అత్తయ్యా, కామాలు చదవకూడదు!"

"చదవకపోతే పిల్లలు ఎలా రాసుకుంటారే?"

రాసుకోరు, వింటారంతే అని నచ్చజెప్పేసరికి నా చెమటతో గడ్డి తడిసింది. రెండోసారి కామాలు పోయాయి, ప్రతి వాక్యాన్నీ రెండుసార్లు చదవడం మొదలైంది. మూడోసారి అన్నీ కుదిరాయి. అప్పుడు పక్క చెట్టు మీద కోయిల అందుకుంది. (ఆ ముక్క పొరపాటున సారుకి వెళ్లిపోయింది. "ఎడారిలో కోయిలేంటమ్మా" అని ఆయన అడిగితే, నీళ్లకోసం వచ్చుంటుంది సార్ అన్నాను.)

కానీ అసలు చిక్కు కోయిల కాదు. తెర మీద బొమ్మ కదలడం మొదలయ్యాక అత్తయ్య చదవడం మానేసేది.

మొదటిసారి అది నమీబ్ ఎడారి దగ్గర జరిగింది. తెల్లవారుజామున సముద్రం మీంచి పొగమంచు ఎర్రటి ఇసుకదిబ్బల మీదికి పాకి వస్తోంది. ఒక నల్లటి పురుగు, వేలిగోరంత కూడా ఉండదు, పడుతూ లేస్తూ దిబ్బ కొసకి ఎక్కింది. ఎక్కి, తల కిందికి దించి, వెనకభాగం పైకెత్తి, అలాగే నిలబడిపోయింది. మంచు దాని వీపు మీద బొట్టు బొట్టుగా కూడింది. ఒక బొట్టు మెల్లగా జారుతూ, మెడ దాటి, తల దాటి, నోటి దగ్గరికి చేరింది. పురుగు తాగింది.

నేను తలెత్తి చూశాను. అత్తయ్య చేతిలో కాగితం ఒళ్లోకి జారిపోయింది. నోరు కొద్దిగా తెరిచి ఉంది.

"అత్తయ్యా, చదవండి. టైము దాటిపోతోంది."

"మళ్లీ వెయ్యి."

"రికార్డు చేద్దామా?"

"చూద్దామే ముందు."

మళ్లీ వేశాను. పురుగు మళ్లీ తాగింది. అత్తయ్య కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "నమీబ్ ఎడారి, వర్షపాతం అతి తక్కువ, జనసాంద్రత అతి తక్కువ. ఇంతే చెప్పాను ఇన్నేళ్లూ. చెప్పి, డస్టర్‌తో తుడిచేశాను. అక్కడ ఇది ఉందని నాకెవరూ చెప్పలేదు" అంది. ఆ మాటలు ఎవరితో అంటోందో నాకు అర్థం కాలేదు. నేను కంప్యూటర్లో ఆకుపచ్చ గీత వంక చూస్తున్నాను. గొంతు పలికితే ఆ గీత పైకి కిందికి ఎగురుతుంది, మౌనంగా ఉంటే బల్లపరుపుగా పడుకుంటుంది. అప్పుడు పడుకునే ఉంది.

తర్వాత భాగాలూ అంతే. కాంగో అడవిలో ఒకాపి వచ్చింది. ముఖం చూస్తే జిరాఫీ చుట్టం, ఒళ్లంతా చాక్లెట్ రంగు, వెనకకాళ్లకి మాత్రం తెల్లచారలు. అత్తయ్య చాలాసేపు పరిశీలించి "దీన్ని దేవుడు సాయంత్రం పూట చేసుంటాడే. కాళ్ల దగ్గరికొచ్చేసరికి ఆ రోజు పని ఇక చాలనుకున్నట్టున్నాడు" అంది. చిత్తడినేలల్లో చెక్కబూటు లాంటి ముక్కున్న ఒక పెద్ద బూడిదరంగు కొంగ, కదలకుండా మెదలకుండా నీళ్లకేసి చూస్తూ నిలబడింది. ఎంతకీ కదలదు. "ఇన్‌స్పెక్షన్ రోజున మా హెడ్మాస్టరు గారు అచ్చం ఇలాగే నిలబడేవారు" అని అత్తయ్య అన్న మరుక్షణం అది మెరుపులాగా ముక్కు నీళ్లలోకి విసిరి, నా మోచెయ్యంత చేపతో పైకి లేచింది. ఇద్దరం ఒకేసారి కెవ్వుమన్నాం. ఇథియోపియా కొండల అంచున, కింద మబ్బులు, పైన ఎండ, వందలాది కోతులు పిల్లల్ని చంకనేసుకుని కూర్చుని రెండు చేతులతో గడ్డి కోసుకు తింటున్నాయి. మగవాటికి సింహంలాగా జూలు, గుండె మీద ఎర్రటి మచ్చ. గాలికి ఆ జూలు లేస్తుంటే మునీశ్వరుల సభలా ఉంది. "గడ్డి తినే కోతులా!" అని అత్తయ్య పెరటి చెట్టు వైపు ఒక చూపు చూసింది. ఆ చూపులో మా కోతుల పెంపకం మీద పెద్ద విమర్శే ఉంది.

నా అనువాదానికీ అక్కడే గండం పట్టుకుంది. చిరుతపులి దగ్గర నేను 'ఆ క్రూరమృగం' అని రాశాను.

"క్రూరం ఏంటే?" అంది అత్తయ్య.

"క్రూరమృగాలు అంటాం కదా అత్తయ్యా."

"ఆకలేసింది, పిల్లలున్నాయి, తెచ్చుకుంటోంది. ఇందులో క్రూరం ఎక్కడుంది? కొట్టెయ్."

కొట్టేశాను. 'వయ్యారి నడకల జింక' అన్నది కూడా కొట్టేయించింది, అది ప్రాణభయంతో పరిగెడుతోందని. నేను ముచ్చటపడి పేర్చుకున్న విశేషణాలన్నీ ఒకటొకటిగా రాలిపోయాయి. అప్పుడు ఉక్రోషపడ్డాను కానీ, రాలినకొద్దీ ఆ జంతువులు మరింత దగ్గరగా కనపడ్డ మాట నిజం.

ఇక గడ్డిమైదానాల భాగం. దాన్ని తల్చుకుంటే ఇప్పటికీ నాకు వరిగడ్డి వాసన వస్తుంది.

ఆ రోజు తోటలో కాయలు కోస్తున్నారు. జి. కొండూరు వైపు నుంచి వచ్చి తోటలోనే పాకలో ఉంటున్న భార్యాభర్తలు. ఆయన్ని నేను 'చిక్కం బాబాయి' అని పిలిచేదాన్ని. పొడుగాటి గెడకి వలసంచి కట్టి, కాయని నేల తగలకుండా అందులోకి కోసి దింపే పనిముట్టుని చిక్కం అంటారు మా వైపు. ఆయన చేతిలో ఆ చిక్కం లేకుండా నేనెప్పుడూ చూడలేదు. ఆవిడ పిన్ని. రికార్డింగు జరిగేంతసేపూ గట్టిగా మాట్లాడొద్దని ఇద్దరికీ చెప్పి ఉంచాం. పాపం, సైగలతోనే కాయలు కోసేవాళ్లు.

తెర మీద ముందు మామూలు గడ్డినేలే కనపడింది. తర్వాత కెమెరా పైకి లేచింది. నేల కదులుతోంది. ఈ చివర నుంచి ఆ చివరికి, కంటికి ఆనినంత మేరా, నల్లటి పశువుల మంద. గేదెకున్నట్టు కొమ్ములు, గుర్రానికున్నట్టు తోక, మేకకున్నట్టు గడ్డం. వాటి మధ్య చారల గుర్రాలు, పక్కన జింకలు, వెనకాల ధూళి ఆకాశానికి గోడ కట్టినట్టు లేచింది. వానల వాసన పట్టుకుని, కొత్త గడ్డి కోసం అవి అలా నడుస్తూనే ఉంటాయట. ఎవరూ దారి చెప్పరు. నడక వాటి ఒంట్లోనే ఉంటుంది. నది దగ్గరికొచ్చి ఆగాయి. నదిలో మొసళ్లు దుంగల్లా పడి ఉన్నాయి. ముందువి తటపటాయించాయి, వెనకవి తోశాయి. ఒకటి దూకింది. అంతే, ఒడ్డుకి ఒడ్డే విరిగి నీళ్లలో పడ్డట్టు అన్నీ దూకేశాయి.

అత్తయ్య చదువుతోంది. అప్పటిదాకా తప్పు లేకుండా చదువుతోంది. నీళ్ల మధ్యలో ఒక దూడ తల్లి నుంచి విడిపోయింది. చిన్న తల, రెండు చెవులు, అంతే కనపడుతోంది పైకి. దానికి కుడిపక్కన ఒక దుంగ కదిలింది.

"ఒరేయ్! అటు కాదురా! ఎడమపక్కకి రా నాన్నా! ఈదరా! ఒడ్డు, ఒడ్డు!"

అత్తయ్య లేచి నిలబడింది. కాగితాలు గడ్డిలో పడ్డాయి. ఆకుపచ్చ గీత ఒక్కసారిగా తెర దాటి పైకెగిరి ఎర్రబడింది. మరుక్షణం తలుపు ధడేలున తెరుచుకుని చిక్కం బాబాయి గెడతో సహా లోపలికొచ్చి పడ్డాడు, వెనకాలే పిన్ని.

"ఎవరండీ టీచరమ్మగారూ? బావిలో ఎవరు పడ్డారండీ?"

"బావి కాదయ్యా, నది!"

"ఇక్కడ నదేంటండీ?"

అత్తయ్య తెర చూపించింది. ఇద్దరూ చూశారు. చూస్తూ చూస్తూ అలాగే గడ్డి మీద కూలబడ్డారు. ("దూరం దూరం" అని నేను గుర్తుచేస్తే పిన్ని ముక్కు మీదికి కొంగు లాక్కుని, బాబాయిని మోచేత్తో అవతలికి నెట్టింది. కళ్లు మాత్రం తెర మీంచి తిప్పలేదు.) ఆ నల్లటి ప్రవాహం నదిని అడ్డంగా కోస్తూ దాటుతూనే ఉంది. బాబాయి చాలాసేపటికి అడిగాడు.

"ఇయ్యన్నీ ఎవరియండీ?"

"ఎవరివీ కావయ్యా."

"ఎవరియీ కావా! కాసేవోడు లేడాండీ?"

"లేడు."

ఆయన తల అడ్డంగా తిప్పుతూ "అమ్మో" అన్నాడు. ఆ చిన్న మాటలో పట్టినంత ఆఫ్రికా, నేను రాసిన పేజీల్లో పట్టలేదు.

అంతలో తెర మీద బొమ్మ మారిపోయి సూర్యాస్తమయం వచ్చేసింది. పిన్ని ఉలిక్కిపడింది. "అమ్మాయిగారూ, ఆ బుల్లిదూడ బతికిందాండీ?"

"తెలీదు పిన్నీ. అక్కడ కట్ చేసేశారు."

"అదేంటండీ, మజ్జలో వదిలేస్తారా?"

ముగ్గురూ నా వంక చూశారు, నేనే కట్ చేసినట్టు. నాకు వాళ్లనందరినీ బయటికి పంపి పని కానివ్వాలని ఉంది. కానీ అత్తయ్య "వెనక్కి తిప్పు" అంది. ఆ గొంతుకి చెట్టు మీద కోతులే దిగాయి, నేనెంత. వెనక్కి తిప్పాను. మెల్లగా నడిపాను. మొసలి నోరు తెరిచింది, నీళ్లు చిమ్మాయి, బురదరంగు తెర కమ్మేసింది. మళ్లీ తిప్పాను. మళ్లీ చిమ్మాయి. నలుగురం లాప్‌టాప్ మీదికి వంగాం. ఈగల్ని తోలుకోవడం కూడా మర్చిపోయాం. దూరంగా అవతలి ఒడ్డు, వందల కాళ్లు, జారే మట్టి. ఎవరికీ ఏమీ కనపడలేదు.

"ఆపు" అంది అత్తయ్య. తెర మూలకి వేలు చూపించి, మళ్లీ మెల్లగా నడపమంది. "అదిగో."

మూలన, వేలెడంత జాగాలో, తడిసి నల్లబడ్డ చిన్న ఆకారం ఒకటి ఒడ్డు ఎక్కుతోంది. కాళ్లు వణుకుతున్నాయి. ఒక పెద్ద పశువు మందకి ఎదురు నడిచి వచ్చి దాని వీపు వాసన చూసింది. అదే దూడ అని నేను కోర్టులో ప్రమాణం చేయలేను. కానీ పిన్ని "అదేనండీ, అదే, చెవులు సూడండి" అని రెండు చేతులూ జోడించింది. బాబాయి గెడని గోడకానించి మొహం తుడుచుకున్నాడు, చెమటే అన్నట్టు.

అత్తయ్య చాలాసేపు కూర్చుండిపోయింది. చివరికి అంది. "సవన్నా గడ్డిభూములు అని రాసి కింద రెండు గీతలు గీసేదాన్నే. ముఖ్యం, పరీక్షలో వస్తుంది అని. ఆ గీతల కింద ఇంతమంది ఉన్నారా?"

ఆ రోజు ఇక రికార్డింగు జరగలేదు. గీత బల్లపరుపుగా పడుకునే ఉంది. నేను టైము చూసుకుంటూ కూర్చున్నాను.

ఆఖరిది సముద్రతీరం. అప్పటికి చిక్కం బాబాయి దంపతులు రోజూ పని అయ్యాక, కాళ్లూ చేతులూ కడుక్కుని, పాక నుంచి పీటలు తెచ్చుకుని మరీ వచ్చేవాళ్లు. అత్తయ్య కాగితం ఒకసారి చూసుకుని పక్కన పెట్టేసింది.

"ఇది నేను చదవను."

"ఏమైంది అత్తయ్యా?"

"ఆఫ్రికా తీరంలో పెంగ్విన్లు అని రాశావు. పెంగ్విన్లుండేది అంటార్కిటికాలో. జీవితంలో పిల్లలకి తప్పు చెప్పలేదు, రిటైరయ్యాక చెప్పమంటావా?"

ఇంగ్లీషులోనూ అలాగే ఉందన్నాను. వాళ్లకేం తెలుసంది. బొమ్మ వేశాను. తెల్లటి ఇసుక, ఎండ, గుండ్రటి బండరాళ్లు. రాళ్ల చాటు నుంచి నల్లకోటు వేసుకున్న ప్లీడర్లలాగా ఒకదాని వెనక ఒకటి పెంగ్విన్లు నడిచి వస్తున్నాయి. "ఎక్కడిదో తెచ్చి అతికించారు" అంది అత్తయ్య. వన్‌మోర్ సారుకి ఫోన్ చేయించి "మీరు పంపిన వీడియో మారిపోయినట్టుంది, చూసుకోండి" అని చెప్పింది కూడా. ఆయన నిజమేనండీ మేడమ్ అంటే, "ఏ ఆధారంతో?" అని అడిగింది. సారు ఆధారాలు వెతుక్కుంటూ ఫోన్ పెట్టేశారు.

అత్తయ్య ఊరుకోలేదు. పెరటి గోడ దగ్గరికి వెళ్లి బొగ్గుముక్కతో, ఎత్తకుండా, ఒక్క గీతతో ఆఫ్రికా గీసింది. నేను అంతవరకూ విన్నదే కానీ చూడలేదు. ఆ గీత కిందికొచ్చి, దక్షిణపు కొన దగ్గర మలుపు తిరిగి, పడమటి తీరం వెంట పైకి వెళుతూ ఉండగా ఆగిపోయింది. సుద్దయినా బొగ్గయినా ఆవిడ చెయ్యి ఆగడం ఎవరూ చూసి ఉండరు.

"బెంగ్యులా" అంది మెల్లగా.

"ఎవరండీ ఆవిడ?" అన్నాడు బాబాయి.

"ప్రవాహమయ్యా! సముద్రంలో ప్రవాహం. బెంగ్యులా శీతల ప్రవాహం! దక్షిణం నుంచి ఈ ఒడ్డు వెంటే చల్లటినీళ్లు పైకొస్తాయి. నేనే చెప్పాను. ప్రతి ఏడూ చెప్పాను. నీలం సుద్దతో బాణం గుర్తు వేసి మరీ చెప్పాను." గోడ వంక చూస్తూ నవ్వడం మొదలుపెట్టింది. "ఆ బాణం వెంట ఇవి వచ్చాయే! నా బాణం వెంటే వచ్చాయి! ఎడారి పక్కనే, ఆ పురుగు మంచు తాగే దిబ్బల పక్కనే, పెంగ్విన్లు! ఆ మంచు కూడా ఈ చల్లటినీళ్లదేనే!"

అంత పెద్ద మనిషి, చూస్తేనే పిల్లలు ప్యాంటు తడుపుకునేంత మనిషి, పెరట్లో నిలబడి పకపకా నవ్వుతుంటే కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి. ఏం జరిగిందో అర్థం కాకపోయినా పిన్ని కూడా నవ్వింది. ఆ తర్వాత ఆ భాగాన్ని అత్తయ్య ఒక్క తప్పు లేకుండా, ఒక్క ఊపున చదివింది. నేను మేడెక్కి నీళ్లట్యాంకు మీద ఫోన్ పెట్టి, సిగ్నల్ దొరికేదాకా ఎండలో నిలబడి, ఖండం మొత్తాన్నీ హైదరాబాదుకి పంపించాను.

సారు విని "వన్ మోర్" అనలేదు. ఆయన జీవితంలో ఆ మాట అనని రోజు అదొక్కటే. కానీ కొన్నాళ్లకి పాఠాల కంపెనీవాళ్లు కబురు పంపారు. గొంతు బాగుంది కానీ వన్యప్రాణులకి మగగొంతే అలవాటు, పైగా సింహం గారు కోలుకున్నారట కదా, ఆయన చేత చదివించండి అని. మాటలు మాత్రం, అంటే విశేషణాలు రాలిపోయిన ఆ మాటలు, అలాగే ఉంచమన్నారు. స్టూడియో నిలబడింది, నా ఉద్యోగమూ నిలబడింది.

నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. వన్‌మోర్ సారుకి ఫోన్లోనే నాలుగు పేజీలు కొట్టాను. అందులో 'అన్యాయం' ఉంది, 'స్త్రీజాతి' ఉంది, చివర్లో 'నా రాజీనామాను స్వీకరించగలరు' ఉంది. రసం కారుతున్న వేళ్లతో కొట్టడం వల్ల అక్షరదోషాలు కూడా ఉన్నాయి. తర్వాత గుండె దిటవు చేసుకుని అత్తయ్య దగ్గరికి వెళ్లాను. వరండాలో కూర్చుని పెద్దరసం ఒకటి మెత్తగా పిసుకుతోంది.

"అత్తయ్యా, నేను ఉద్యోగం మానేశాను."

"ఎందుకే?"

"మీ గొంతు తీసేశారు."

ఆవిడ పండు ముచిక తీసి, మొదటి సొన నేలకి పిండేసి, తాపీగా అంది. "నా గొంతు నా దగ్గరే ఉందిగా. పాఠం పిల్లలకి చేరుతోందా లేదా?"

"చేరుతోంది."

"మరింకేం. ఇంతకీ ఆఫ్రికా అయిపోయింది కదా, దక్షిణ అమెరికా ఎప్పుడొస్తుంది మీ స్టూడియోకి?"

నేను వేళ్లకంటిన రసం నాక్కుంటూ పక్కన కూలబడ్డాను.

"అమెజాన్ గురించి కూడా రెండు గీతలు గీసి వదిలేశానే. వెళ్లి ఆ రాజీనామా వెనక్కి తీసుకో ముందు."

తీసుకున్నాను. (సారు దాన్ని అప్పటికి చదవనే లేదు. "ఏదో పెద్ద మెసేజ్ పంపావు, రేపు చూస్తానమ్మా" అన్నారు. ఆ రేపు ఇంతవరకూ రాలేదు.) దక్షిణ అమెరికా వచ్చింది, తర్వాత ఆస్ట్రేలియా వచ్చింది. ఇప్పుడు నేను ఏ సిరీస్ వచ్చినా తీసుకుని నూజివీడు వెళతాను. శబ్దం పూర్తిగా ఆపేసి, అత్తయ్యతో కలిసి ఒకసారి ఊరికే చూస్తాను. మైకు పెట్టను. గీత చూడను. మొన్న మళ్లీ ఇంకో సిరీస్‌లో అమెజాన్ నీళ్లలో గులాబిరంగు డాల్ఫిన్లు, మునిగిన చెట్లకొమ్మల మధ్య ఈదుతుంటే, అత్తయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకుని వదల్లేదు.

అప్పటి ఆఫ్రికా రికార్డింగులు నా దగ్గర ఇంకా ఉన్నాయి. ఎప్పుడైనా వింటాను. నది దగ్గరి ముక్కలో అత్తయ్య కేక తర్వాత, పిన్ని చేతులు జోడించిన తర్వాత, చాలాసేపు ఏమీ వినపడదు. నలుగురు మనుషులు ఊపిరి తీసుకోవడం, అంతే. ఆ నిశ్శబ్దంలోకి ఉన్నట్టుండి ఒక అమ్మాయి గొంతు చొరబడుతుంది, మహా పనున్నదానిలా, కొంచెం విసుగ్గా: "అయిపోయిందా? ఇక మొదలుపెడదామా?" అంత పెద్ద మంద కళ్లెదురుగా నది దాటిపోతుంటే, ఇంకా ఏదో మొదలవ్వాలని తొందరపడుతోంది పాపం. ఆ పిల్లని ఏమనగలం? నవ్వుకుని, మళ్లీ కొంచెం వెనక్కి తిప్పి వింటాను.